మానిటర్ లేదన్న కంప్యూటర్‌తో నా వాదన

నా భార్య ఎనిమిది రోజుల కష్టాన్ని నేను ఒకే ఒక్క వేలితో తుడిచిపెట్టిన వైనం ఇప్పుడు చెబుతాను. మీరు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు. ఆవిడ నవ్వడానికి మాత్రం నెల పట్టింది.

అమీర్‌పేటలో నాది జిరాక్స్ షాపు. ఎడమన కోచింగ్ సెంటర్, కుడిన కోచింగ్ సెంటర్, నెత్తిమీద మరో రెండు. ఆ సందులో గట్టిగా ఊపిరి పీలిస్తే సగం కోర్సు పూర్తయిపోతుంది. కంప్యూటర్ రిపేరు నేర్పే నోట్సు నా మిషన్లోంచి ఎన్ని వేలసార్లు బయటికొచ్చిందో లెక్కలేదు. వేడివేడిగా వచ్చిన కాగితాన్ని పట్టుకుంటే అందులోని విద్య అరచేతి గుండా పైకి పాకుతుందని అప్పట్లో నా నమ్మకం. మరి చదివావా అని అడక్కండి. పెళ్ళివంటవాడు వండిందంతా తింటాడా?

పంజాగుట్టలోని మా ఇంట్లో ఒక డెస్క్‌టాప్ ఉంది. దాని మీద నా భార్య స్వరూప పెళ్ళికార్డులు డిజైన్ చేస్తుంది. అంతకుముందు ఎవరో వేసిన డిజైన్లలో పేర్లు మార్చి ఇచ్చేది. బోరబండ మేస్త్రీ యాదయ్య వచ్చి, "అక్కా, మా బిడ్డ పెండ్లికి ఎవ్వలింట్ల సూడని కార్డు గావాలె" అన్నాక మొదటిసారిగా మొత్తం తనే గీయడానికి కూర్చుంది. అంచు చుట్టూ తంగేడు, గునుగు, బంతి పూలు. రెక్క రెక్కా విడిగా గీసింది. ఆ పనికోసమే, కంప్యూటర్లు బాగుచేసే రఫీఖ్ భాయ్ చేత గ్రాఫిక్స్ కార్డు పెట్టించుకుంది. బొమ్మలు తెరమీద చకచకా కదలాలంటే కంప్యూటర్ లోపల విడిగా అమర్చే పరికరం అది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ని డ్రైవర్ అంటారు. ఇంతవరకూ నాకూ తెలుసు. చిక్కంతా ఇంతవరకే తెలియడంలో ఉంది.

దసరా వచ్చింది. ఆయుధపూజకు స్కూటరు కడిగాను, జిరాక్స్ మిషన్‌కు దండ వేశాను, ఇంటికొచ్చి కంప్యూటర్ మీద పడ్డాను. దాని వెనకున్న వైర్లన్నీ పీకి, తడిగుడ్డతో తుడిచి, కనిపించిన ప్రతి మూలకూ గంధం, కుంకుమ పెట్టాను. తర్వాత ఏ వైరు ఏ రంధ్రంలో పడితే అందులో గుచ్చాను. తెర వెలిగింది. కొబ్బరికాయ కొట్టాను.

మర్నాడు పొద్దున స్వరూప కార్డు తెరిచింది. తంగేడు పువ్వును ఇటు జరిపితే, అది టీ తాగి, మొహం కడుక్కుని, తీరిగ్గా అటు కదిలింది.

"ఏందయ్యా, గింత మెల్లగైంది? సాయంత్రం అయిదింటికి యాదయ్యన్న వస్తడు. ఇయాల చూసి సరే అంటెనే రేపు ప్రెస్సుకు పోతది. గా రఫీఖ్ భాయ్‌ని పిలువు."

"ఆయనెందుకు? డ్రైవర్ పాడైంది. నేను జూస్త."

"నీకొస్తదా?"

"గా నోట్సు ఊరందరికీ ఇచ్చేటోన్ని నేనే గద!"

పాత డ్రైవర్ పీకేశాను. కొత్తది ఎక్కించాను. కంప్యూటర్ ఆర్పి వెలిగించాను. అదే నత్తనడక. మళ్ళీ పీకాను, ఇంకా కొత్తది ఎక్కించాను. మధ్యలో తెర మీద అక్షరాలు ఫ్లెక్సీ బ్యానరంత అయ్యాయి, ఆనక ఆవగింజలంత అయ్యాయి, చివరికి మామూలయ్యాయి. పువ్వు మాత్రం కదల్లేదు. గ్రాఫిక్స్ కార్డు సెట్టింగులు తెరవబోతే ఇంగ్లీషులో ఒక పెట్టె ప్రత్యక్షమైంది. దాని సారాంశం: మీ మానిటర్ ఈ కార్డుకు తగిలించి లేదు.

నాకు ఒళ్ళు మండింది.

"సూసినవా స్వరూపా, దీని తెలివి! మానిటర్ లేదంట. లేకుంటె గీ ముక్క ఏడ కనవడుతున్నది, గోడ మీదనా?"

"ఏమో, నిజం చెప్తుందేమో. ఒక్కసారి ఎనకకు జూడు."

"మెషీన్లకు అప్పుడప్పుడు మతి పోతది. నోట్సుల ఉంటది గిట్ల."

నోట్సులో అలా ఎక్కడా లేదు. నాకు తెలిసినంతవరకూ నోట్సులో ఏముందో నాకు తెలియదు.

మధ్యాహ్నం రెండయింది. ఓడిపోతున్నవాడికి ఎక్కడలేని ధైర్యం వస్తుంది. విండోస్‌నే కొత్తగా ఎక్కిద్దామని తీర్మానించాను. విండోస్ ఉండే సీ డ్రైవ్ మొత్తం చెరిగిపోతుంది, సరేనా అని అడిగింది కంప్యూటర్. నా వేలు గాల్లో ఉంది. వెనకనుంచి స్వరూప అడిగింది.

"నా కార్డు ఉంటదా?"

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి, నేను మాత్రం ఆగలేదు. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలియదు. అదేమాట అంటే సరిపోయేది. కానీ మా సందులో ఆ మాట ఎవరూ అనరు. అడ్రసు అడిగితే తెలియనివాడు కూడా చెయ్యెత్తి ఏదో ఒక వైపు చూపిస్తాడు. ఆ వైపు వెళ్ళినవాళ్ళు ఏమయ్యారో మేమెప్పుడూ ఆలోచించలేదు.

"ఉంటది. నీ ఫైళ్ళన్ని డీ డ్రైవ్‌ల ఉంటయి. ఫికర్ జెయ్యకు" అని నొక్కేశాను.

గంట తర్వాత కొత్త విండోస్ ముత్యంలా మెరిసింది. స్వరూప మౌస్ పట్టుకుని డీ డ్రైవ్ అంతా వెతికింది. పాత కార్డులున్నాయి, కరెంటు బిల్లులున్నాయి.

"నా కార్డేది?"

"సరిగ్గ జూడు."

"నేను డెస్క్‌టాప్ మీద పెట్టిన. రోజు తీసుడు అల్కగైతదని."

కంప్యూటర్ వెలగ్గానే తెరమీద కనిపించే ఆ డెస్క్‌టాప్ ఉండేది సీ డ్రైవ్‌లోనే. చెరిపింది సీ డ్రైవే. ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది, నేనూ తిరిగి ఏదో అనేవాణ్ణి. లేచి వెళ్ళి సింకు దగ్గర, కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వింటూ, ఈసారి నేనే రఫీఖ్ భాయ్‌కి ఫోన్ చేశాను.

ఆయన నాలుగింటికి వచ్చాడు. సంగతంతా విన్నాడు.

"మెషీన్ ఏమన్న చెప్పిందా భాయ్?"

"మానిటర్ లేదన్నది. తప్పు చెప్పింది."

ఆయన కంప్యూటర్ డబ్బాను ఇటు తిప్పాడు. వెనక ఒకేలాంటి రంధ్రాలు రెండున్నాయి. చూసి, నవ్వాపుకోలేక నేలమీద కూర్చున్నాడు.

"భాయ్, పైన ఉన్నది కంప్యూటర్‌తోని వచ్చిన మామూలు రంధ్రం. గీ కింద ఉన్నది గ్రాఫిక్స్ కార్డుది. బొట్టు గీమెకు పెట్టినవ్, తాళి తీస్కపొయ్యి ఆమెకు కట్టినవ్ గద!"

నిజమే. కింది రంధ్రం పక్కన గంధం, కుంకుమ పదిలంగా ఉన్నాయి. మానిటర్ వైరు పై రంధ్రంలో ఉంది. ఆయన దాన్ని పీకి కింద గుచ్చాడు. తెర ఒక్కసారి కన్నుకొట్టి, పరుగందుకుంది.

"మరి పోయిన కార్డు తిరిగొస్తదా భాయ్?" అంది స్వరూప గుమ్మంలోంచి.

"నాకు తెల్వదు బెహెన్. చూస్త" అన్నాడు. ఎంత సులువుగా అన్నాడో! నాకు రోజంతా గొంతు దాటని మాట అది. చూశాడు. కొత్త విండోస్ పాతదాని మీద కూర్చోవడం వల్ల ఏమీ దొరకలేదు. చెరిగిపోయిన డిజైన్ సాఫ్ట్‌వేర్ మాత్రం మళ్ళీ ఎక్కించి పెట్టాడు.

అయిదింటికి యాదయ్య వచ్చాడు. నేను గొంతు సవరించుకుని, ట్రాన్స్‌ఫార్మర్ పేలుడు, ఆకాశంలో మెరుపు, నగరమంతా పాకిన వైరస్ కలిపి ఒక మహాకథ మొదలుపెట్టాను. పేలుడు దాకా వచ్చేసరికి స్వరూప కళ్ళు కనిపించాయి. కథ అక్కడే కూలింది.

"అన్నా, అబద్ధం. మెషీన్ మంచిగనే ఉండె. నాకు తెల్వకపోయినా తెలుసని చెప్పిన. కార్డు నేనే చెరిపిన."

యాదయ్య పెళ్ళికింకా ఎన్ని రోజులుందో వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. "రేపు సాయంత్రం దాక ఆగుత. అంతకుమించి టైం లేదు" అని, స్వరూపను అడిగాడు. "మల్ల గీయగలుగుతవా అక్కా?"

"ప్రతి రెక్క యాదికున్నదన్నా."

"కొత్తదాన్ల సుత గీ అన్న చెయ్యి పెడతడా?"

"పెట్టడు."

"అయితె మంచిగనే వస్తది."

మర్నాడంతా నేను షాపు మూసి వంట చేశాను. సాయంత్రానికి కార్డు వచ్చింది. ఇంటికొచ్చిన యాదయ్య దాన్ని ఫోన్లో చూసి, వేలితో పెద్దది చేసి, ఒక్కో పువ్వు పేరూ చెప్పుకుంటూ పోయాడు. నేను వంటింట్లోనే ఉండిపోయాను.

నెల తిరిగేసరికి యాదయ్య కూతురి పెళ్ళికి వెళ్ళాం. భోజనాల వేళ, ఫొటోలు చూపించే పెద్ద తెర ఆగిపోయింది. "ఎవరికన్న కంప్యూటర్ వస్తదా?" అని అరిచాడు ఫొటోగ్రాఫర్. నేను విస్తరి ముందునుంచి సగం లేచాను. "నా..." అన్నాను. "...కు తెలుసు" అనేలోగా స్వరూప ఒక పెద్ద లడ్డూ నా నోట్లో కుక్కింది. ఆ నెలలో ఆవిడ మొదటిసారి నవ్వింది అప్పుడే.

కాబట్టి అక్కడున్న బంధుమిత్రుల సాక్షిగా, హోమగుండానికి పది అడుగుల దూరంలో, కుడిచెయ్యి బగారా అన్నంలో ఉంచి ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఎవరి తెర ఆరిపోయినా, అది వెలిగేవరకూ నా నోరు లడ్డూతో నిండే ఉంటుంది. షుగరు వస్తుందేమోనని డాక్టర్ని అడిగాను. పరీక్షేమీ చెయ్యకుండానే ఆయన, రాదు, తనకు తెలుసన్నాడు. అందుకే ఇంకొకరిని కూడా అడుగుతున్నాను.