కొమరోలు పిన్ని డాలియాలు, నా గోళ్ళు

వీధి కుళాయికి నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే కాలమది. గిద్దలూరులో మా వీధివాళ్ళకు తాగడానికి బిందెడు నీళ్ళు తక్కువైనా ఫరవాలేదు గానీ, క్రిస్మస్ నాటికి గుమ్మం ముందు నాలుగు పూలు మాత్రం పూయాలి. బంతీ చేమంతీ ఎవరైనా పెంచుతారు. ఆ రాళ్ళ నేలలో, ఆ ఉప్పు నీళ్ళతో డాలియా పూయించిన మనిషికే వీధిలో మర్యాద. ఆ మర్యాదంతా మా పక్కింటి కొమరోలు పిన్నిదే. (ఆమె మాకు వరసకేమీ పిన్ని కాదు. కొమరోలు నుంచి కాపురానికి వచ్చింది కాబట్టి వీధంతటికీ కొమరోలు పిన్ని. నాకైతే శత్రువు.) ఇన్నేళ్ళ తర్వాత ఆ మాట అనకూడదు, నిజమే. కానీ నేను మరచిపోయే మనిషిని కాను. నాలుగో తరగతిలో నా పలక పగలగొట్టినవాడు మొన్న ఒక పెళ్ళిలో ఎదురై నవ్వితే, నేను నవ్వలేదు.

పిన్ని డాలియాలను పాత పెయింటు బకెట్లలో పెంచేది. మొత్తం ఆరు బకెట్లు. ఎరుపు రెండు, పసుపు రెండు, వంగపండు రంగుది ఒకటి, రేకుల కొసలు తెల్లగా ఉండే ఎర్రది ఒకటి. బియ్యం కడిగిన నీళ్ళన్నీ వాటికే పోసేది. క్రిస్మస్ రోజు మా చర్చిలో ప్రసంగ పీఠం ముందున్న బల్ల మీద ఏటా ఆ పూలే ఉండేవి. ఆరాధన చివర పాస్టరు అయ్యగారు బల్ల మీద పూలు ఎవరివో పేరు పెట్టి చెప్పి, ఆ ఇంటి కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేసేవారు. నేను ఎనిమిదేళ్ళుగా పాటల గుంపులో ముందు వరసలో నిలబడి గొంతు చించుకుంటున్నాను. నా పేరు ఒక్కసారి కూడా అక్కడి నుంచి వినబడలేదు. మట్టిలో ఇంత బియ్యపు నీళ్ళు పోసిన మనిషి పేరు మాత్రం ఏటా వినబడేది. నాకు అప్పుడు ఇరవై ఏళ్ళు, ప్రైవేటు బడిలో కొత్తగా టీచరునయ్యాను. లోకంలో నాకున్న ఒకే ఒక్క కోరిక, ఆ బల్ల మీద నా పూలు ఉండటం.

మర్యాదగా వెళ్ళి ఒక్క కొమ్మ ఇమ్మని అడిగాను. ఇంట్లో అడిగితే ఇంట్లోనే జవాబు చెప్పాలా లేదా? ఆమె మరుసటి రోజు కుళాయి దగ్గర, ఐదుగురు ఆడవాళ్ళ ముందు చెప్పింది.

"నీ చేతిలో మిరపనారే బతకలేదు కదమ్మే. పాపం, దీన్నెందుకు చంపేది?"

మిరపనారు తినింది మేక. ఆ సంగతి నేను చెప్పేలోపే అందరూ నవ్వేశారు. ఆ ఐదుగురి పేర్లూ నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి.

చలికాలం మొదట్లో మొక్కల బండివాడు వస్తే, ఒకటి కాదు, పది డాలియా మొక్కలు కొన్నాను. ఆమెవి ఆరు, నావి పది. రాచర్లలో మా బంధువుల దొడ్డి నుంచి గొర్రెల పెంట తెమ్మని నాయనను పోరాను. ఆయన ఒక బస్తా ఆటోలో వేసుకొని వచ్చి, దారంతా జనం ముక్కులు మూసుకున్నారనీ తనకు పక్కన చోటే చోటనీ చెప్పి, "ఈ కంపు పోయేంత వాసన రావాల నీ పూలు" అన్నాడు. డాలియాకు వాసనే ఉండదని నేను చెప్పలేదు.

నెల తిరిగేసరికి నా పది మొక్కలకూ మొగ్గలు పడ్డాయి. లెక్కపెడితే నలభై మూడు. ఆ సంతోషం ఒక పూట నిలిచింది. సాయంత్రం గోడ మీదుగా చూస్తూ పిన్నివి లెక్కపెడితే ఆరు బకెట్లకే యాభై దాటాయి. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

బుధవారం బుధవారం నాలుగు గంటలకు చర్చిలో స్త్రీల ప్రార్థన కూడిక ఉండేది. పిన్ని తప్పకుండా పోయేది. నేను బడి నుంచి వచ్చేసరికి ఆమె ఇల్లు ఖాళీ. గేటు తీసుకొని లోపలికి పోయాను. అన్నీ తుంచేస్తే దొరికిపోతాను. అందుకని ప్రతి కొమ్మకూ నడినెత్తిన కనబడే పెద్ద మొగ్గను వదిలేసి, దాని పక్కన ఆకుల చాటున ఉన్న చిన్న మొగ్గలన్నిటినీ గోటితో గిల్లేశాను. కొత్తవి పుట్టుకొస్తే మళ్ళీ బుధవారం, ఆ పైన మూడో బుధవారం. బకెట్‌కు ఒకటో రెండో పూలు మిగిలితే బల్ల ఎట్ల నింపుతుందో చూద్దామనుకున్నాను. గోళ్ళు అట్ల పచ్చగున్నాయేందని అమ్మ అడిగితే, బళ్ళో పిల్లలకు ఆకులు చూపించానని చెప్పాను. నా మొక్కల జోలికి మాత్రం చీమను కూడా పోనివ్వలేదు. ఒక్క మొగ్గ రాలినా నా ప్రాణం పోయేది.

క్రిస్మస్ ముందు రోజు మధ్యాహ్నం ముప్పై ఏడు పూలు బకెట్ నిండా పెట్టుకొని చర్చికి పోయాను. ఒక్కొక్కటి నిమ్మకాయంత ఉంది. కాడలు సన్నబడి తలలు వాల్చాయి. అయినా ముప్పై ఏడు ముప్పై ఏడే. అయ్యగారు ప్రేమగా చూసి, "చాలా బాగున్నాయమ్మా, చేమంతులా?" అన్నారు.

కాదు, డాలియాలని నేను చెప్పబోతుండగా పిన్ని వచ్చింది. చేతిలో తొమ్మిదే పూలు. ఒక్కొక్కటి చిన్నపిల్లలు అన్నం తినే పళ్ళెమంత. అంత డాలియాను మా ఊళ్ళో అంతకుముందు ఎవరూ చూడలేదు. కాగితం పూలు కడుతున్న ఆడపిల్లలందరూ కత్తెరలు కింద పెట్టి లేచి వచ్చారు. ఆ తొమ్మిదీ బల్లకెక్కాయి. నా ముప్పై ఏడింటినీ దారంతో కిటికీ ఊచలకు కట్టారు.

మరునాడు ఆరాధనలో అయ్యగారు పిన్నిని లేపి, ఇంతేసి పూలు ఎట్ల పూయించినావమ్మా అని అందరి ముందే అడిగారు. పిన్ని కొంగు సర్దుకొని నిలబడింది.

"నేనేం చేసినా అయ్యగారూ. ఈ తూరి ఎందుకో చిన్న మొగ్గలన్నీ ఆయనే తీసేసినాడు. బలమంతా ఒక్కదానికే పోయింది."

సంఘమంతా ఆమేన్ అంది. ముందు వరసలో ఉన్నాను కాబట్టి నేనూ అనాల్సి వచ్చింది. నా గోళ్ళ కష్టాన్ని నా కళ్ళ ముందే దేవుడి ఖాతాలో వేశారు, కాదని చెప్పుకోవడానికి కూడా లేదు. నాయన ఇంటికి వచ్చాక, "ఆ పెంట బస్తా పక్కింట్లోనే దించి ఉంటే సరిపోయేది" అన్నాడు. ఆయన మీద కూడా కోపం పెట్టుకున్నాను.

మరుసటి ఏడు మొగ్గలు పడే వేళకు పిన్ని గోడ దగ్గరకు వచ్చి, బట్టలారేస్తున్న నన్ను పిలిచింది.

"ఏమ్మే, మొగ్గలొచ్చినాయి. బుధవారం నేను కూడికకు పోతున్నా. గేటుకు గొళ్ళెం పెట్టనులే."

నా చేతిలోని చీర కింద పడింది. ఆమె నవ్వలేదు. గిల్లిన మొగ్గలు బకెట్ల వెనకే పారేసి పోతే కనబడవా అని మాత్రం అంది. తర్వాత నెమ్మదిగా, "ముందు నీవి గిల్లుకో. అన్నీ కావాలంటే ఏదీ కాదు" అంది. ఏడాది పాటు ఆ మాట ఎవరికీ చెప్పకుండా దాచుకుంది మహాతల్లి. శత్రువు మన మర్యాద కాపాడితే అంతకంటే అవమానం ఉంటుందా?

ఆ ఏడు ఏడుస్తూ నావి గిల్లుకున్నాను. బల్ల మీద ఆమెవీ నావీ కలిపి పెట్టారు. పెట్టమని చెప్పింది ఆమేనట. అయ్యగారు ఆమె పేరు స్పష్టంగా చదివి, "మరియు వారి పక్కింటివారు" అన్నారు. పక్కింటివారు! (ఇది కూడా నేను మరచిపోలేదు.)

పిన్ని ఇప్పుడు లేదు. పోయే ముందు ఆ ఆరు బకెట్లూ నాకు ఇమ్మని చెప్పిందట. నేను పెళ్ళయి మార్కాపురం వచ్చాను, బకెట్లూ వచ్చాయి. మొన్న పక్కింటి కొత్తకోడలు ఒక కొమ్మ అడిగింది. నీ చేతిలో ఏం బతుకుతుందన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశాను. ఆ అమ్మాయి గోడ మీదుగా నా మొగ్గలు లెక్కపెట్టడం రెండు సాయంత్రాలు చూశాను. ఆ చూపు నాకు బాగా తెలుసు. బుధవారం గేటుకు గొళ్ళెం పెట్టకుండా కూడికకు పోయాను. వచ్చి చూస్తే ఒక్క మొగ్గను కూడా ముట్టలేదు. ఈ కాలం పిల్లలకు కుళ్ళుకోవడం కూడా సరిగ్గా చేతకాదు. చేసేది లేక నేనే కూర్చుని గిల్లుకున్నాను. గోళ్ళేంది అట్ల పచ్చగున్నాయి అని మా ఆయన అడిగితే, బళ్ళో పిల్లలకు ఆకులు చూపించినానని చెప్పాను. నేను బడి మానేసి ఆరేళ్ళయిందని ఆయనకు గుర్తు రావడానికి కాసేపు పట్టింది. నాకు ఇంకా కాసేపు పట్టింది.