రేకుల షెడ్డులో దిక్కు

నిన్న ఉప్పల్ మెట్రో కింద రోడ్డు దాటుతుంటే ఒక బస్సు హారన్ కొట్టింది. పైన కాంక్రీటు, పక్కన స్తంభాలు. ఆ మోత అన్ని వైపుల నుంచీ వచ్చినట్టే ఉంది. ఎటు జరగాలో తెలియక ఆగిపోయి తల అటూ ఇటూ తిప్పాను. డ్రైవరు తిట్టే ఉంటాడు. నాకు మాత్రం రాహేలు మేడమ్ గుర్తొచ్చారు.

మేడమ్ నా మొదటి బాస్. నాచారం పారిశ్రామికవాడలో ఆమెకు చిన్న యూనిట్ ఉండేది. గోదాముల్లో వేడి, తేమ కనిపెట్టి రేడియో ద్వారా కబురు పంపే సెన్సర్లు తయారుచేసేవాళ్ళం. వాటిని ధాన్యం బస్తాల మధ్య పెడతారు. కబురు ఏ సెన్సర్ పంపిందో తెలుస్తుంది కానీ, హమాలీలు బస్తాలు మార్చేసరికి అది ఏ మూలకు చేరిందో తెలియదు. అది కనిపెట్టడానికే మేడమ్ ఒక యాంటెన్నా కట్టారు. మధ్యలో ఒక కడ్డీ, చుట్టూ మరికొన్ని. ఏ కడ్డీ పనిచేయాలో మారుస్తూ పోతే యాంటెన్నా కదలకుండానే ఒక్కో వైపు ముఖం పెడుతుంది. ఎటు పెట్టినప్పుడు సిగ్నల్ గట్టిగా వస్తే సెన్సర్ అటు ఉన్నట్టు.

ఘట్‌కేసర్‌లో ఇంజనీరింగ్ చదివొచ్చిన పొగరుతో నేను ఇంటర్వ్యూలోనే అడిగాను, నాలుగు మూలలా నాలుగు రిసీవర్లు పెడితే సరిపోయేదానికి ఈ తిప్పుడెందుకని. మేడమ్ కుర్చీ జరుపుకుని కుడిచెవి నావైపు పెట్టి మళ్ళీ చెప్పమన్నారు. చిన్నప్పుడు జ్వరంలో ఎడమచెవి పోయిందట.

"ఒక్క చెవి ఉన్నోళ్లు తల తిప్పుకోవాలె బిడ్డా. నేను జేసే పనే దీనికి నేర్పుతున్న," అన్నారు.

ఉద్యోగమిచ్చారు. సోల్డరింగ్ దగ్గర్నుంచి, ఒక్క కొలత చూసి సంబరపడకుండా ఉండటం దాకా అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అరిచేవారు కాదు, చేసిన పనే మళ్ళీ చేయించేవారు. నాకు ఒళ్ళు మండేది.

చిక్కంతా రేకులతో వచ్చింది. యూనిట్ వెనక ఖాళీ జాగాలో యాంటెన్నా దిక్కు సరిగ్గా చూపించేది. పక్కనే పాత రేకుల షెడ్డులో బస్తాలు పేర్చి గోదాములా చేసుకున్నాం. అక్కడ సిగ్నల్ రేకులకు తగిలి తిరిగొచ్చేది, యాంటెన్నా ఎదురుగోడను చూపించేది. ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతూ మేడమ్ మామూలుగానే చెప్పారు.

"దవాఖానల జెప్పిన్రు, ఈ చెవి గూడ ఎక్కువ రోజులుండదట. షెడ్డుల పనిజేసిందని నీ నోటితోని వినాలె నేను."

నేను గిన్నె పక్కకు జరిపాను. ఆమె మాత్రం నా గిన్నెలో పచ్చడి వేసి తినమన్నారు.

పీర్జాదిగూడ నుంచి ఒక గోదాము యజమాని చూడటానికి వచ్చాడు. సెన్సర్‌ను తలుపు దగ్గర పెడితే తప్పు రాదని మేమంతా బతిమాలాం. ఆమె దాన్ని నడిమధ్య బస్తాల వెనక పెట్టించారు. యాంటెన్నా గోడను చూపించింది. ఇంకా కుదరలేదు, కుదిరాక పిలుస్తానని ఆమే చెప్పి పంపేశారు. ఆయన మళ్ళీ రాలేదు. కోపంతో ఆ సాయంత్రం మేడమ్‌కు చెప్పకుండానే ఇంటికి వెళ్ళిపోయాను.

కోపం తగ్గాక ఆమె నేర్పినదే పట్టుకున్నాను. యాంటెన్నాను షెడ్డులో చోటు మార్చి మార్చి పెట్టి, అది చూపించే దిక్కులన్నీ ఎక్కడ కలుస్తాయో వెతకసాగాను. ఈలోగా మేడమ్ యూనిట్‌కు రావడం తగ్గింది. పని సగమైందని, ముప్పాతికైందని చెప్పగలిగిన రోజులున్నాయి. చెప్పలేదు. పూర్తయ్యాకే చెప్పాలని, నన్ను మనిషిని చేసింది మీరేనన్న మాట కూడా అప్పుడే కలిపి చెప్పాలని దాచుకున్నాను.

షెడ్డులో ఎక్కడ పెట్టినా సెన్సర్ దొరికిన రోజు ఆమె ఇంటికి పరుగెత్తాను. పనిచేసింది మేడమ్ అన్నాను. ఆమె నా ముఖమే చూస్తున్నారు. ఇంకా గట్టిగా అన్నాను. ఆమె చెల్లెలు వంటింట్లోంచి వచ్చి, అక్కకు ఇప్పుడేమీ వినబడటం లేదని చెప్పింది. ఫోన్‌లో టైపు చేసి చూపించాను.

"రేకుల షెడ్డులనేనా?" అని అడిగారు. తలూపాను.

"ఇంకోసారి నోటితోని జెప్పు బిడ్డా. సూస్త."

చెప్పాను. నన్ను మనిషిని చేసింది మీరేనన్న రెండో మాట మాత్రం చెప్పకుండానే బయటికి వచ్చేశాను.

మేడమ్ ఇప్పుడు లేరు. పని సగంలో ఉండగానే అందరికీ ఫోన్లు చేసి చెబుతానని నా దగ్గర పనిచేసేవాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆ రెండో మాటను ఇప్పుడు ఎంతమందికి చెప్పినా, ఆమెకు చెప్పినట్టు కాదు.