ఎరుపు కనిపించని ఫిల్ము

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఉండే వీలూ లేదు. ఢిల్లీ ద్వారకలో మా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో తిరిగే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే. అందుకే ఇది చెబితే ఎవరూ నమ్మరని తెలుసు. అయినా చెబుతున్నాను.

డిజిటల్ కెమెరాలొచ్చి, దుకాణాలవాళ్ళు ఫిల్మును ఎలాగోలా వదిలించుకుంటున్న రోజులు. పాత ఢిల్లీలో ఒకతను పేరూ ఊరూ లేని బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము ఒకటి నా చేతిలో పెట్టాడు.

"ఇస్కో లాల్ నహీ దిఖ్తా, సాబ్. లాల్ సబ్ కాలా ఆయేగా," అన్నాడు.

ఎరుపంతా నలుపుగా పడే ఫిల్ము నేనెప్పుడూ వాడలేదు. సరదా పుట్టింది.

ఆ ఆదివారం మా డాబా మీద, చలికాలపు ఎండలో ముగ్గురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. ఒక చివర మా ఆవిడ సుశీల, ఇంకో చివర పై అంతస్తు రాజ్యంగారు, మధ్యన పక్కింటి పద్మ. ముగ్గురికీ ఎర్రటి కుంకుమ బొట్లు. పద్మది మరీ రూపాయి బిళ్ళంత.

"కదలకండి. ఈ ఫిల్ములో అబద్ధాలాడేవాళ్ళ నాలుక నల్లగా పడుతుంది," అన్నాను.

"అయితే మిమ్మల్ని తీస్తే ఫొటో అంతా నలుపే, అన్నయ్యగారూ!" అంది పద్మ.

బాత్‌రూమ్ కిటికీకి దుప్పటి కట్టి, ఎర్ర బల్బు వెలిగించి ఫొటో వేశాను. మందునీళ్ళలో వేసిన కాగితం మీద అన్నిటికంటే నల్లనిది ముందు తేలుతుంది. ముఖాలు ఆ తర్వాత. తెల్లటి కాగితం మీద ముందుగా బొట్లు తేలాయి.

రెండే.

ముఖాలు వచ్చాక చూస్తే, మధ్యన పద్మ నుదురు ఖాళీ. నెగటివ్‌ను వెలుతురుకి పట్టి చూశాను. అందులో మూడు చుక్కలూ ఉన్నాయి.

పద్మ భర్త మూర్తి మా ఆఫీసే. అతనికి ఫొటో చూపించి, ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్ళి రమ్మన్నాను.

"బాగుందోయ్! ఈసారి సాక్ష్యంతో సహా కోస్తున్నావు," అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆ చలికాలం దాటలేదు. బస్టాపులో నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు.

పెద్దకర్మ అయ్యాక పద్మ వచ్చింది. "డాబా మీద తీశారే, ఆ ఫొటో ఒకటి వేసివ్వండి అన్నయ్యగారూ. బొట్టుతో ఆఖరిసారి తీయించుకున్నది అదే," అంది.

కాదనలేకపోయాను. మళ్ళీ దుప్పటి, ఎర్ర బల్బు. మందునీళ్ళలో కాగితం.

ఒక చివర ఒక్క బొట్టు తేలింది. మధ్యన ఏమీ లేదు. రెండో చివరా ఏమీ లేదు. కాగితం నీళ్ళలో తిన్నగా ఉందో తలకిందులుగా ఉందో తెలియదు. ఆ చుక్క సుశీలదో, రాజ్యంగారిదో ముఖాలు వస్తేగాని చెప్పలేను.

రానివ్వలేదు. తెల్ల లైటు వేసేశాను. కాగితం మొత్తం నల్లబడిపోయింది.

ఫిల్ము పాడైపోయిందని పద్మకీ, సుశీలకీ చెప్పాను. నా అబద్ధాల్లో వాళ్ళు మారుమాట లేకుండా నమ్మింది అదొక్కటే.

నెగటివ్ ఇప్పటికీ నా దగ్గరుంది, మూడు చుక్కలతోనే. ఎందుకలా జరిగిందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. మళ్ళీ ఫొటో వేసే ధైర్యమూ చెయ్యలేదు.

రాజ్యంగారి భర్త రిటైరై గ్రేటర్ నోయిడాలో ఉంటున్నారు. వీలైనప్పుడల్లా ఫోన్ చేసి ఒంట్లో ఎలా ఉందని అడుగుతాను.

"ఏమిటయ్యా, నా మీద నీకింత ప్రేమ! గుండ్రాయిలా ఉన్నాను," అంటారాయన.

సంతోషమండీ అని పెట్టేస్తాను. ఆ రోజంతా నాకు అన్నం సయించదు.