మా యారాలి గట్టి బిస్కెట్లు

మా పెద్ద యారాలు పోయిన బుధవారం కన్నుమూసింది. యారాలంటే మా ఆయన అన్నగారి భార్య, ముప్పై ఏళ్లుగా నేను అక్కా అని పిలిచిన మనిషి. కబురు చెప్పడానికి గోదావరిఖని నుంచి వచ్చిన ఆమె కొడుకు ముందు నా చేత చాయ్ తాగించి, ఆ తర్వాత చెప్పాడు. ఆ తెలివి తల్లిదే. చెడ్డ కబురు ఖాళీ కడుపుతో వినొద్దని ఆమె అనేది. అలాంటివి చాలానే వింది మరి.

పోయినవాళ్లంతా మంచివాళ్లైపోవడం మన ఆచారం కనుక ముందే చెబుతున్నాను, మా అక్క అంత మెత్తని మనిషేం కాదు. నేనూ కాదు. ఒకే వరుస క్వార్టర్లలో కాపురాలు చేస్తూ నల్లా దగ్గర ఎన్నిసార్లు మాటా మాటా అనుకున్నామో లెక్కలేదు. డిసెంబరు వస్తే మాత్రం సంధి. క్రిస్మస్ బిస్కెట్లు చేయించాలి కదా.

చేయించడమే, చేయడం కాదు. మా క్వార్టర్లలో బొగ్గు పొయ్యిలు తప్ప బిస్కెట్లు కాల్చే బట్టీలెక్కడివి? మైదా, చక్కెర పొడి, డాల్డా ఇంట్లోనే కలిపి, బేసిన్‌కు గుడ్డ కప్పి బేకరీకి మోసుకుపోయేవాళ్లం. బేకరీ సాయబు వాటిని రేకుల మీద పేర్చి కాల్చి, మన డబ్బాలోనే నింపి ఇచ్చేవాడు. పండుగ ముందు వారం అక్కడ బేసిన్లన్నీ వరుసలో ఉంటే, పక్కవాళ్ల పిండిని ఓరకంట చూసి వంకలు పెట్టుకునేవాళ్లం. మా అక్క పిండికి ఎవరూ వంక పెట్టలేదు. ఆమె బిస్కెట్టు నాలుక మీద పెడితే కరిగిపోయేది.

ఆమెకు చదువు రాదు. నేను బడిలో పంతులమ్మను. కొలతలు లేని వంటేమిటని ఒక ఏడాది కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను. పిండికి సగం చక్కెర, సగానికి కాస్త ఎక్కువ డాల్డా, ఆరు యాలకులు, చిటికెడు సోడా. ముందు డాల్డా, చక్కెర కలుపుకోవాలని ఆమె ఒక్క ముక్కలో చెప్పింది, నేనూ ఒక్క వరుసలో రాశాను. కింద గీత కొట్టి, పనికొస్తుంది ఉంచుకో అక్కా అని ఆ కాగితం ఆమెకే ఇచ్చాను. పదిహేనేళ్లుగా చేయిస్తున్న మనిషికి!

కలిపే పని మా బావగారిది. బొగ్గు గనిలో మొదటి షిఫ్టు డ్యూటీ దిగి వచ్చి, రెండుసార్లు సబ్బుతో కడుక్కుని వాకిట్లో బేసిన్ ముందు కూర్చునేవారు. డాల్డాను, చక్కెరను అరచేత్తో రుద్ది రుద్ది, తెల్లగా నురగలా తేలేదాకా లేచేవారు కాదు. దారిన పోయేవాళ్లతో ముచ్చట్లు సాగేవి, చేయి మాత్రం ఆగేది కాదు. ఎంత కడిగినా గోళ్ల సందున బొగ్గు నలుపు ఉండేది కనుక, మనవి బొగ్గు బిస్కెట్లు బావా అని నేను ఏటా వేళాకోళం చేసేదాన్ని. బొగ్గు లేకుంటే మనింట్ల మైదా ఏడికెల్లొస్తది అని ఆయన నవ్వేవారు. అక్క అంతసేపూ లోపల వేరే పనిలో ఉండేది.

ఒక వానాకాలం బొగ్గు బావిలో కప్పు కూలింది. పెళ్ల మీద పడి బావగారు అక్కడే పోయారు.

నాలుగు నెలలకు క్రిస్మస్. అడిగేవాళ్లు లేకపోయినా అక్క బిస్కెట్లు చేయించింది. నన్ను పిలిచి ప్లేటులో పెట్టింది. కొరికితే పన్ను దిగలేదు. ఏళ్ల తరబడి వేళాకోళం అలవాటైన నోరు, ఊరుకోలేదు.

"అక్కా, బొగ్గు పెళ్ల కొరికినట్టున్నది."

అన్న తర్వాతే ఆ మాట నాకు వినిపించింది. పిల్లలు నా వైపు చూశారు. అక్క ప్లేటు అంచును కొంగుతో తుడిచింది.

"రెండుసార్లు చేసిన చెల్లె. పిల్లగానితోని నీ కాయితం సదివిపిచ్చుకొని, నువ్వు రాసినట్టే చేసిన. మీ బావ ఎంతసేపు కలుపుతుండెనో అండ్ల లేదు."

ఆ పూటే తప్పు ఒప్పుకోవలసింది. తప్పులు దిద్దడంలో ఆరితేరినదాన్ని, ఒప్పుకోవడం ఎక్కడా నేర్చుకోలేదు. మరుసటి డిసెంబరులో వెళ్లి నేనే బేసిన్ ముందు కూర్చున్నాను. పావుగంటకే భుజం పట్టేసింది. అక్క వచ్చి చూసి బేసిన్ లాక్కుంది.

"నీ చెయ్యి చాక్‌పీసుకు దాసిపెట్టుకో చెల్లె."

కొడుకు పెద్దవాడై కలుపుతానన్నా ఇవ్వలేదు. ఆ పనిని ఇంకొకరి చేతిలో చూడలేకపోతోందని నాకు అప్పుడు అర్థమైంది. తనే నాలుగు తిప్పులు తిప్పి బేకరీకి పట్టుకుపోయేది. ఏటా గట్టి బిస్కెట్లే వచ్చేవి. ఆ ఇంటి మనవలు క్రిస్మస్ బిస్కెట్టంటేనే చాయ్‌లో నానేసుకుని తినేదనుకుంటారు. కాదని నేను వాళ్లకు చెప్పలేదు.

నేను ఆ బొగ్గు పెళ్ల మాట ఎత్తబోయినప్పుడల్లా అక్క నాకేదో పని పురమాయించేది. దవాఖానలో చివరిసారి చూసినప్పుడూ, అప్పుడు నేనన్న మాట ఉంది చూడు అక్కా అని మొదలుపెట్టాను. కిటికీ మూయమంది, దుమ్మొస్తున్నదట. మూసి వచ్చేసరికి కళ్లు మూసుకుంది. నిద్రో, నటనో తెలియలేదు.

గురువారం మధ్యాహ్నం సమాధుల తోటలో బావగారి పక్కనే మట్టి చేశారు. ప్రార్థన అయ్యి అందరూ గేటు దాటారు. నేను ఆగాను. ఇప్పుడిక నాకు పని చెప్పే వీల్లేదు కదా అనుకుని, తప్పైంది అక్కా అన్నాను. అంతలో పక్కనున్న ఓపెన్‌కాస్టు గని సైరన్ మోగింది, రాళ్లు పేల్చే బ్లాస్టింగ్ వేళ. కాళ్ల కింద నేల అదిరింది. కొత్త మట్టి మీది నుంచి ఒక గడ్డ దొర్లి నా చెప్పు దగ్గర ఆగింది. వంగి తీసి పైన పెట్టాను. నిలవలేదు, మళ్లీ దొర్లింది. మళ్లీ పెట్టాను.