కొత్త చిక్కుడు పడ్డ జపాను రొట్టె

సారపాకలో మా వరసకు నాలుగు కిరాయి గదులు. మొదటిది నాది, పక్కది భవానిది. మధ్యన ఉన్నది పేరుకే గోడ. అటు గిన్నె పడితే ఇటు నేను ఉలిక్కిపడతాను. నా పేరు ప్రమీలారాణి. సత్తుపల్లి నుంచి వచ్చి ఇక్కడ జాకెట్లు కుట్టుకుంటూ బతుకుతున్నాను. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, నోరు మాత్రం ఇంకా బాగానే పనిచేస్తోంది.

భవానిది టేకులపల్లి అవతల అడవిలో ఒక కోయ పల్లె. ఇక్కడి కాగితం మిల్లు పనుల మీద వచ్చే ఇంజనీర్లు దిగే గెస్ట్‌హౌస్‌లో వంట చేస్తుంది. చీకటితో వెళ్లి పొద్దుగూకాక వస్తుంది. వచ్చి చెప్పులైనా విప్పకుండా గడప మీద కూలబడుతుంది. కాసేపటికి కాళ్లకు చెప్పులున్న సంగతి గుర్తొచ్చి విప్పుతుంది. మొగుడు రాంబాబు లారీల మీద జామాయిల్ దుంగలు ఎక్కించే పని చేసేవాడు. మొన్న వానాకాలంలో బైకు జారి పడి చనిపోయాడు. మంచివాడు, కాస్త తొందరమనిషి. అతను పోయాక ఆ పిల్ల ఏడవగా నేను చూడలేదు. ఏడవడానికి తీరిక ఏదీ? దినాలు కాగానే పల్లెలో ఒంటరిగా ఉన్న అత్తను తెచ్చి తన దగ్గర పెట్టుకుంది.

ఆ అత్త పేరు ఆదెమ్మ. వచ్చిన దగ్గర్నుంచీ దగ్గే దగ్గు. దవాఖానాలో టీబీ అన్నారు, మందులిచ్చారు. మందులు మింగుతుంది కానీ అన్నం ముట్టదు. పోయినసారి తూకం చూసి డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. "తిండి లేకపోతే ఒంటికి ఈ మందులు పడవమ్మా. ఇట్లనే తగ్గుకుంటూ పోతే మనిషి దక్కదు" అంది. ఆ మాట ఆదెమ్మ ఎదుటే అంది. ఆవిడ మాత్రం ఇంకెవరి గురించో చెప్తున్నట్టు కిటికీ వైపు చూస్తూ కూర్చుందట.

భవాని చెయ్యని వంట లేదు. జొన్న గటక చేసింది. గోదారి చేప తెచ్చి పులుసు పెట్టింది. నాటుకోడి కూడా కోసింది. ఏది ముందు పెట్టినా ఆదెమ్మ ఒకసారి వాసన చూస్తుంది, "ఇది మా పోరనికి బాగిష్టం" అంటుంది, కంచం పక్కకు జరుపుతుంది. అంతే. ఇక ఆ పూటకు గంజినీళ్లే. నాకు ఒళ్లు మండేది. ఒకరోజు ఉండబట్టలేక అనేశాను. "ఏం పెద్దమ్మా, కోడలు ఎండుకుపోతుంటే నీ కళ్లకు కనపడదా? పోయినోడి వెనకాల నువ్వూ పోతే ఈ పిల్ల ఎవరి మొహం చూసుకోవాలి?" ఆవిడ నా వైపు చూసి, "నువ్వు కూడా అలిసిపోయినవు బిడ్డా, పోయి పండుకో" అంది. నా గదికి వచ్చి మిషను తొక్కుకున్నాను.

దీనికి తోడు పల్లె నుంచి ఫోన్లు. ఆదెమ్మ మరిది బొజ్జయ్య అక్కడ ఊరిపెద్ద. "వదినె ఎప్పుడొస్తది? కొత్తల పండుగకు రమ్మను" అని ఒకటే పోరు. వాళ్లలో అదొక కట్టు. చిక్కుడుకాయ కాసినా, కొత్త ధాన్యం చేతికొచ్చినా, ముందు ఇంట్లో పోయినవాళ్లందరినీ పేరుపేరునా పిలిచి వాళ్లకు పెట్టాలి, ఆ తరవాతే బతికున్నవాళ్లు తినాలి. పండుగ కాకుండా కొత్త కాయ నోట్లో పెట్టకూడదు. ఫోను వచ్చినప్పుడల్లా ఆదెమ్మ, "నా పానం మంచిగ లేదని చెప్పు" అనేది. కొన్నాళ్లకు ఫోన్లు ఆగిపోయాయి. ముసలామె రాకపోయినా పండుగ కానిచ్చేసి ఉంటారులే అని భవాని అనుకుంది, నేనూ అనుకున్నాను.

అప్పుడే గెస్ట్‌హౌస్‌లో ఒక జపాను ఇంజనీరు దిగాడు. మన కూరల కారానికి కళ్లనీళ్లు పెట్టుకుని, ఒక సాయంత్రం తనే వంటింట్లోకి వచ్చి రొట్టె కాల్చుకున్నాడట. క్యాబేజీ సన్నగా తరిగి, గుడ్డు, పిండి కలిపి, దిబ్బరొట్టెలా మందంగా పోసి, పైన నల్లటి తియ్యటి సాసు పూసి, ఎండుచేపను రంపపు పొట్టులా తురిమి చల్లాడట. భవానికీ ఒక ముక్క పెట్టాడు. ఆ రొట్టెకేదో బారెడు పేరు చెప్పాడు కానీ ఈ పిల్లకు నోరు తిరగలేదు. జపాను రొట్టె అనే అంది.

"అక్కా, అది చేసి పెడత అత్తకు" అంది ఆ రాత్రి గడప మీద కూర్చుని.

"పిచ్చా నీకు? కోడికూర తినని మనిషి జపాను రొట్టె తింటుందా?"

"ఏది పెట్టినా ఆయనే యాదికొస్తుండు అక్కా ఆమెకు. ఆయన జన్మల చూడని తిండైతే తింటదేమో."

"సరే అయితే, ఆదివారం నేనూ సాయానికి వస్తాను" అన్నాను.

ఆదివారం సెలవు. మధ్యాహ్నం నేను వాళ్ల గదిలో పీట వేసుకుని కూర్చున్నాను, సాయానికి అని పేరు. సాసు ఎక్కడ దొరుకుతుందీ మనకు? చింతపండు పులుసులో బెల్లం వేసి, కాస్త సోయా సాసు పోసి దగ్గరకు ఉడకబెట్టింది. ఎండు రొయ్యలు వేయించి దంచింది. మైదా ముసలామెకు పడదని జొన్నపిండి తీసింది. తీరా క్యాబేజీ కోస్తే లోపలంతా పురుగు. పైన రెండు రెక్కలే పనికొచ్చాయి.

భవాని కత్తిపీట ముందు అలాగే కూర్చుండిపోయింది. "ఏది చేద్దామన్నా గిట్లనే అయితది నాకు" అంది. మళ్లీ సంత దాకా నడిచే ఓపిక ఆ పిల్లకూ లేదు, నాకూ లేదు. పొద్దున తెచ్చిన కూరగాయల సంచిలో చిక్కుడుకాయలున్నాయి, లేతవి. ఈనెలు తీసి దారాల్లా తరిగి పిండిలో కలిపేసింది. రెండు గుడ్లు కొట్టింది, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసింది.

జొన్నపిండికి సాగుడు ఉండదు కదా, మొదటి రొట్టె తిరగేయబోతే నాలుగు చెక్కలైంది. "నీ జపానోడు చూస్తే ఏడుస్తాడే" అన్నాను. భవాని కొంచెం నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో. రెండోదానికి ఇంకో గుడ్డు కొట్టి, మూత పెట్టి సన్నని సెగ మీద మగ్గనిచ్చి, పళ్లెంలోకి బోర్లించి మళ్లీ పెనం మీదకు జార్చింది. కుదిరింది. పైన పులుసు పూసి రొయ్యల పొడి చల్లేసరికి గదంతా కమ్మటి వాసన వచ్చింది.

ఆదెమ్మ కంచం దగ్గరకు లాక్కుంది. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకో ముక్క తుంచింది. "ఏందే ఇది?" అంది.

"జపాను రొట్టె అత్తా."

"మంచిగుంది." మూడో ముక్కకు వెళ్లిన చెయ్యి ఆగిపోయింది. రొట్టెను విప్పి చూసింది. "ఇవి చిక్కుడుకాయలు గాదా?"

"అవ్ అత్తా. క్యాబేజీ పురుగు పట్టింది."

"కొత్తయి."

"ఊర్ల పండుగ అయిపోయి ఉంటది కద అత్తా. చిన్నమామ ఫోను కూడ చేస్తలేడు."

"యాడ అయిపోయింది? ఇసుగొచ్చి ఫోను చేస్తలేడు గంతే" అంది ఆదెమ్మ. "యాడాదిల సావైన ఇంటి పెద్ద వచ్చి, పోయినోళ్ల పేరు పిలవందే ఊరు కొత్తలు చెయ్యది. నేను పోలేదు. నాకోసం ఊరంత నోరు కట్టుకొని కూసున్నది. నేను ఇక్కడ తింటున్న." కంచం నెట్టేసింది.

అంతే, భవాని కట్ట తెగింది. చేతిలోని గరిటె నేలకేసి కొట్టింది. "తినకు! ఇగ ఏం తినకు! నాతోని అయితలేదు అత్తా. పొద్దుందాక ఊరోళ్లకు వండుత, ఇంటికొచ్చి నీకు వండుత, నువ్వు నెట్టేస్తవు. ఆయనను కాటికి పంపిన. నిన్ను కూడ పంపాల్నా? నేను ఒక్కదాన్నే ఉండాల్నా ఈ గదిల?" అని గోడకు జారబడి ఏడ్చింది. వానాకాలం నుంచి దాచిపెట్టిన ఏడుపు అది. లేచి పట్టుకుందామంటే నా మోకాళ్లు మాట వినలేదు. కూర్చున్నచోటే నేనూ ఏడ్చాను.

ఆదెమ్మ కోడలి వైపు తిరిగింది. తరవాత మెల్లగా అంది. "ఊరికి పోతే వాని పేరు పిలవాలె. సచ్చినోళ్ల వరసల నా కొడుకు పేరు. ఎట్ల పిలుస్తనే? పిలిస్తే వాడు పోయినట్టే గద. అందుకే పోలే."

భవాని ఏడుపు ఆపి ఆమె వైపు చూసింది. బయట రోడ్డు మీద దుంగల లారీ ఒకటి మిల్లు వైపు పోయింది.

"ఆకు ఉన్నదా?" అంది ఆదెమ్మ.

నా గదిలో అడ్డాకు విస్తళ్లున్నాయి. గోడ పట్టుకుని లేచి, వెళ్లి ఒకటి తెచ్చాను. ఆవిడ పెనం దగ్గరకు జరిగి, ఎంగిలి తగలని రొట్టె ఇంకోటి కాల్చమంది. భవాని కళ్లు తుడుచుకుని కాల్చింది. ఆదెమ్మ విస్తరి గడప లోపల పరిచి, రొట్టె తుంచి ఒక్కొక్క ముక్కా పెడుతూ పిలిచింది. మొగుణ్ణి పిలిచింది. అత్తను, మామను పిలిచింది. పుట్టగానే పోయిన కూతుర్ని పిలిచింది. చివరి ముక్క చేతిలోనే ఉండిపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. భవాని వెళ్లి పక్కన కూర్చుని ఆ చేతి కింద తన చెయ్యి పెట్టింది.

"రాంబాబూ" అంది ఆదెమ్మ. "కొత్తలు తిను బిడ్డా. నీ పెండ్లాం చేసింది. ఇసొంటిది నువ్వెన్నడు తినలే."

ముక్క ఆకులో పెట్టింది. తరవాత పక్కకు నెట్టిన తన కంచం మళ్లీ ముందుకు లాక్కుని, కళ్లనీళ్లు కారుతుండగానే చివరి దాకా తిని, పండుగకు వస్తున్నానని బొజ్జయ్యకు ఫోను చెయ్యమని చెప్పి, కోడల్ని మందులు ఇమ్మంది.