ఏకాదశినాటి మాత్రలు

కోడుమూరులో మా భజన గోష్ఠికి ముందుండి పాడేది నేనే. కొన్నాళ్లుగా గుడి మెట్లెక్కుతుంటే రొమ్ము మీద బండ పెట్టినట్లుండేది. వయసు అనుకున్నాను. ఒక రోజు పాట మధ్యలో చిడతలు చేతిలోంచి జారిపోయాయి. నా భార్య ఆ పూటే కర్నూలుకు తీసుకుపోయింది.

డాక్టరు తెర మీద నా గుండె రక్తనాళం చూపించాడు. ఒకచోట వెంట్రుకంత సన్నబడి ఉంది. మణికట్టు గుండా సన్నని గొట్టం పంపి, ఇరుకైన చోట బెలూను ఉబ్బించి, స్టెంటు అనే చిన్న లోహపు జాలీ గొట్టాన్ని నిలబెడతామన్నాడు.

"మట్టి కూలకుండా బోరులో కేసింగు దించినట్ల గద సార్?" అన్నాను.

"అంతే. కేసింగు నేను దించుతా. అది పూడకుండా చూసుకునేది మీరు, పెద్దాయనా. ఒక్క రోజు మాత్రలు మానినా అందులో రక్తం గడ్డ కట్టొచ్చు. ప్రాణానికే ముప్పు."

మత్తివ్వలేదు. బల్ల మీద నామం చెప్పుకుంటూ పడుకున్నాను. కాసేపటికి తెర మీద ఆ వెంట్రుక, వాన పడిన వంకలాగా నిండుగా పారింది. నామం ఆగి ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చిన వారానికే ఏకాదశి. ముప్పై ఏళ్లుగా ఆ రోజు నేను నీళ్లు కూడా ముట్టను. భార్య మాత్రలు, చెంబుతో నీళ్లు తెచ్చింది.

"రేపు ద్వాదశి పారణ అయినాక వేసుకుంటాలే" అన్నాను.

ఆమె పోయి, మా గోష్ఠిలో పాడే అవ్వను పిలుచుకొచ్చింది.

"ఏమప్పా, మాత్రలు మింగనంటాండావంట?"

"వ్రతం గదవ్వా."

"పోయినేడు నేను షుగరు మాత్ర మానుకుంటే అందరి ముందర ఏం చెప్పినావు? మందు వ్రతాన్ని చెరపదని శాస్త్రంలో ఉండాదంటివే! నాకొక శాస్త్రం, నీకొకటా?"

అవ్వ చెంబు నా ముందుకు జరిపింది.

"నువ్వు పోతే పాడేదెవరప్పా? తాళం తెలీని మీ తమ్ముడా?"

నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. దేవుడు తెరిచిన దారిని ఆయన పేరు చెప్పే మూయబోయాను. మాత్రలు కళ్లకద్దుకుని, తీర్థం పుచ్చుకున్నట్లు ఆ నీళ్లు తాగాను.

ఆ సాయంత్రం అవ్వతో కలిసి మెల్లగా గుడి మెట్లెక్కాను. ప్రతి మెట్టు మీదా ఆ బరువు వస్తుందేమోనని చూశాను. రాలేదు. పైకెక్కినాక అవ్వే రొప్పుతూ కూలబడింది.

"ఆగప్పా! నాకు గూడా ఆ కేసింగేదో దించల్లేమో!"

చిడతలు అందుకుని నామం ఎత్తుకున్నాను. శానా నాళ్లకు నా గొంతు గోపురందాకా పోయింది.