ఒక చూపు తక్కువ

కోటకు పోయే రోడ్డు మీద, సముద్రం గాలి నేరుగా తగిలే చోట మా పంపుల ఫ్యాక్టరీ ఉండేది. అరవైల చివర నేనక్కడ టైపిస్టుని. మిషన్ బడిలో టైపు నేర్చుకున్నందుకు దొరికిన ఉద్యోగం. విదేశం నుంచి ఆ డ్రిల్లింగ్ మెషిను వచ్చేదాకా ఉత్తరాలు కొట్టడమే నా పని.

అది మనిషి తిప్పితే తిరిగేది కాదు. కాగితపు టేపు మీది చిల్లుల్ని చదువుకుని, ఇనుములో ఎక్కడ రంధ్రం కావాలో అక్కడికి తనే జరిగి వేస్తుంది. టేపుకు చిల్లులు కొట్టే యంత్రానికి టైపుమిషనుకున్నట్టే మీటలున్నాయి. అందుకని మేనేజరు నన్ను దాని ముందు కూర్చోబెట్టాడు. ఏ అంకెలు కొట్టాలో చెప్పడానికి డ్రిల్లింగ్ మేస్త్రీని పిలిపించాడు.

ఆయనకు యాభై దాటాయి. పంపు మూతలకు బోల్టు రంధ్రాలు ఇరవై ఏళ్ళుగా చేత్తోనే గుర్తుపెట్టి వేస్తున్నాడు. నా పక్కన స్టూలు మీద కూర్చోవడానికి మొదట్లో మొహమాటపడ్డాడు.

"అంచు నుంచి ఎంత, మేస్త్రీగారూ?"

"మూడున్నర అంగుళాలు, ఒక చూపు తక్కువ."

"చూపంటే ఎంత?"

"ఎంతని చెప్పేదిమా? వేలు పెట్టి చూస్తే తెలస్తాది."

పోతపోసిన మూతల్లో ఏదీ ఇంకోదానిలా ఉండదట. ఆయన అంచు తడిమి, ఏ పక్క పలచగా ఉందో చూసుకుని, రంధ్రాన్ని రవ్వంత జరుపుతాడు. ఆ రవ్వంతకు నా యంత్రంలో మీట లేదు. చాలా మూతలు కొలిచి, అన్నిటికీ మధ్యగా ఒక అంకె ఎంచుకున్నాం. నెల పట్టింది. నేను ఒక్క అంకె తప్పు కొడితే టేపు మళ్ళీ మొదటినుంచి. ఆయన ఒక్కసారీ విసుక్కోలేదు. మెషిను మొదటి మూతకు ఎనిమిది రంధ్రాలూ సరిగ్గా వేసినప్పుడు, నాకంటే ముందు ఆయనే చప్పట్లు కొట్టాడు.

ఆ వారమే మేనేజరు ఒక ఉత్తరం చెబుతుంటే నేను టైపు చేస్తున్నాను. టేపు తయారైంది కాబట్టి మేస్త్రీ ఇక పనికి రానక్కర్లేదని అందులో ఉంది. నా వేళ్ళు ఆగిపోయాయి.

"ఆయన లేకపోతే ఎట్టా సార్?"

"నీ పని టైపు కొట్టడం," అన్నాడు మేనేజరు.

కొట్టాను. రెండు కార్బన్ కాపీలతో సహా.

తర్వాత కొన్నాళ్ళకు మూతల పోత మారింది. కొన్ని ఒక పక్క బాగా పలచగా వచ్చేవి. మెషిను మాత్రం టేపు చెప్పిన చోటే వేస్తూ పోయింది. అంచులు పగిలాయి. కుప్పలుగా మూతలు పాడయ్యాయి. టేపు నేనే తప్పు కొట్టానని తిట్టారు. అయినా దారి దొరక్క చివరికి మేనేజరే, "ఆయన్ని తీసుకురా. నువ్వు పిలిస్తే వస్తాడు," అని నన్ను పంపాడు.

ఆయన ఊరు సముద్రం పక్కనే. ఉప్పు కయ్యల్లో ఉన్నాడని భార్య చెబితే గట్టు మీద నడిచి వెళ్ళాను. నడుం వంచి ఉప్పు కుప్ప చేస్తున్నాడు. కాళ్ళు మోకాళ్ళ దాకా తెల్లగా పొక్కులు లేచి ఉన్నాయి.

"మిమ్మల్ని మళ్ళీ రమ్మంటున్నారు, మేస్త్రీగారూ."

ఆయన చేతులు చాపాడు. వేళ్ళ చివర్లు చీలికలు పడి, చర్మం బిగిసి రాయిలా అయింది.

"ఏం పట్టుకున్నా ఒకటే మాదిరి ఉండాదిమా. అంచు తెలీడంలా. వచ్చి ఏం చేసేది?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "ఆ ఉత్తరం కొట్టింది నేనే," అన్నాను.

"తెలుసు. ఆడ టైపు వచ్చింది నీకొక్కదానికే గదా."

కోప్పడి ఉంటే బాగుండేది. ఎండగా ఉంది, ఇంటికాడ మజ్జిగ తాగి పో అని చెప్పి, మళ్ళీ నడుం వంచాడు.

వానాకాలంలో మెషిను లోపలి తీగలకు చిలుము పట్టింది. బాగుచేసేవాళ్ళు దొరకలేదు. టార్పాలిను కప్పి ఆ విభాగం మూసేశారు. అందులోని ఆరుగురికీ ఉత్తరాలు నేనే కొట్టాను. ఆయన్ని చూడ్డానికి మళ్ళీ వెళ్ళలేదు. ఆ ఊరి బస్సు రోజూ ఫ్యాక్టరీ ముందే ఆగేది.